ఎల్లుండి నుంచి నా పత్తా ఉండదు

నల్లగొండ జిల్లా సూర్యాపేట పట్టణంలో, బస్టాండు వెనక గల్లీలో సొంత ఇంట్లో కాపురముంటున్న కడారి ఆండాలు అను నేను, కీర్తిశేషులు కడారి సోమయ్య భార్యను, వయస్సు యాభై నాలుగు, ఆర్టీసీ ఎంక్వైరీ కౌంటరులో ఉద్యోగిని, ఒకరి ఒత్తిడీ ఒకరి బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో నేనే రాసి నిర్ణయించిన వీలునామా ఇది.

నాకు మతి సరిగ్గా ఉంది. ఈ మాట ప్రతి వీలునామాలోనూ ఉంటుందనీ, అందరూ ఒక్క లైనులో రాసేసి ఆస్తుల దగ్గరికి పోతారనీ వకీలు సారు చెప్పారు. నేను అట్లా పోలేను. నాకు మతి లేదని రాసిన కాగితం ఒకటి మా తమ్ముడు మేకల పాపయ్య బీరువాలో భద్రంగా ఉంది. నా దినాలు కాకముందే అది బయటికి వస్తుంది. రేపు కోర్టులో ఈ వీలునామా నిలుస్తుందా, ఆ కాగితం నిలుస్తుందా, ఇదొక్కటే నా పరేషాన్. వచ్చే సోమవారం హైదరాబాదులో నా గుండెకు ఆపరేషన్. ఆ కోతకంటే ఈ కాగితమే నన్ను ఎక్కువ తింటోంది.

అందుకే ఒకచోట కూర్చుని రాయలేకపోతున్నాను. కాసేపు రాసి లేస్తాను, వాకిట్లోకి పోతాను, బస్సు హారన్ వినిపిస్తే అది కోదాడదా మిర్యాలగూడదా అని ఆలోచించి మళ్లీ వస్తాను. అక్షరాలు వంకరగా ఉంటే అది నా కాళ్ల తప్పు, మతి తప్పు కాదు. ప్రభుత్వ దవాఖాన డాక్టరమ్మ నిన్న నన్ను పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ దీనికి జతపరిచాను.

1. మతి విషయమై వివరణ.

వకీలు సారు ఈ షరతు అక్కర్లేదన్నారు. నాకు అక్కర ఉంది.

ధరావత్ దీప్లా అనే అతను దుబాయి నుంచి తిరిగొచ్చినప్పుడు తెచ్చిన సామాను మా బస్టాండులో అమ్ముకున్నాడు. అందులో మడతపెట్టే చిన్న గేమ్ డబ్బాలు ఒక జత ఉన్నాయి. "తీస్కో అక్కా, కౌంటర్ల కూసుంటే పొద్దు వోతది" అన్నాడు. ఒకటి నేను కొన్నాను. రెండోది మా డిపో కండక్టరు పెరుమాళ్ల చంద్రకళ కొన్నది. లోపలి ఆట జపాను భాషలో ఉంది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బొమ్మలు చూసి నేర్చుకున్నాం.

ఆటలో ఒక పిల్ల లాంతరు పట్టుకుని పెద్ద కోటలో గేటు తర్వాత గేటు దాటుకుంటూ పోతుంది. దారిలో ఎవరో ఒకరు అడ్డం వస్తారు. కత్తితో కొట్టుకోవడం ఉండదు. పిల్ల దగ్గర పేకముక్కల్లాంటి పత్తాల కట్ట ఉంటుంది, కొన్ని చేతికొస్తాయి, సమయం చూసి వేయాలి. ఒకసారి వేసిన పత్తా ఆ పోరు ముగిసేదాకా తిరిగి రాదు. తొందరపడి మంచివన్నీ ముందే వేసేస్తే చివరికి చేతులు ఊపుకుంటూ నిలబడాలి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఊరందరికీ వాళ్ల వాళ్ల బస్సులు చెప్పి, నేను మాత్రం ఆ కుర్చీలోనే ఉండే మనిషిని. ఆ పిల్ల నడుస్తుంటే నేను నడిచినట్టుండేది. నాకు ఆ ఆటంటే ప్రాణం. ఈ మాట రాయడానికి నాకేం సిగ్గు లేదు.

ఒక వైరుతో రెండు డబ్బాలు కలిపితే ఒకరి పత్తా ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఇస్తే మన దగ్గర ఉండదు, వాళ్ల దగ్గరికి పోతుంది. చంద్రకళ సూర్యాపేటలో ఉన్నన్నాళ్లూ ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య కౌంటరు పక్క బల్లమీద కూర్చుని ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. తర్వాత ఆమెను మిర్యాలగూడ డిపోకి మార్చారు. అప్పటినుంచి ఫోనులోనే మాటలు.

పోయిన ఏడు మార్చిలో మా మేనకోడలు ప్రవళిక ఇంటర్ పరీక్షలు రాయడానికి మా ఇంట్లో ఉంది. తోడుగా తల్లి అలివేలు, అంటే పాపయ్య భార్య, నా మరదలు, వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నేను ఫోనులో చంద్రకళతో అన్న మాటలు ఇవి, మార్చకుండా రాస్తున్నాను: "తోడేలు నన్ను ఇడుస్తలేదే. నిన్న రెండుసార్లు సచ్చిన, మళ్ల లేచిన. దవాఖాన ఒక్కటి గూడ దొర్కలే. ఇగ ఆఖరి గేటు నాతోని కాదు, నువ్వే దాటు. ఎల్లుండి మిర్యాలగూడకొస్త. ఎల్లుండి నుంచి నా పత్తా ఉండదు."

తోడేలు అనేది ఒక పత్తా. దవాఖాన ఇంకో పత్తా. నా కట్టలో అన్నిటికంటే గట్టిది ఆ తోడేలే. కానీ నా చేతికొస్తే అదుపులో ఉండదు, నన్నే కరుస్తుంది. చంద్రకళ కట్టకైతే సరిపోతుంది. దాన్ని ఇచ్చేస్తానన్నాను. అంతే.

అలివేలు వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ వింది. ఆమెకు బొమ్మల డబ్బా సంగతి తెలియదు. మన దగ్గర మనిషి కనబడకుండా పోతే పత్తా లేడంటాం. రెండుసార్లు చచ్చి లేచిందట, ఎల్లుండి నుంచి పత్తా ఉండదట. పాపం, ఇంకేమనుకుంటుంది? కత్తి పీట అక్కడే వదిలేసి చివ్వెంలలో ఉన్న పాపయ్యకు ఫోను కొట్టింది.

నేను చెప్పిన ఆ ఎల్లుండి రానే వచ్చింది, మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చున్నాను. మైకులో నా తోటి ఉద్యోగి మత్తయ్య గారు నా బస్సే చెబుతున్నారు. పాపయ్య ఇద్దరు మనుషులతో బస్సెక్కాడు. "అక్కా, యాడికి వోతున్నవే? పత్తా లేకుంట వోతవా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు మండింది. "నా పత్తా నా ఇష్టంరా! ఇస్త, లేకుంటే పారేస్త, నడుమల నీదేంది?" అని అరిచాను. అరిచిన గొంతు మామూలు గొంతా, ఊరికంతా బస్సులు చెప్పే గొంతు. ముందు సీటులో ఒక ముసలమ్మ "అయ్యో బిడ్డా, గంత కష్టమేమొచ్చెనే" అని ఏడ్చింది. బస్సు మొత్తం మా తమ్ముడి పక్షం అయిపోయింది. నేను ఎంత విడమరిచి చెబితే అంత పిచ్చిదాన్నైపోయాను. "డబ్బాలున్న పిల్ల", "తోడేలు", "జపాను" అని ఒక్కొక్క మాటా చెబుతుంటే పట్టుకున్నవాళ్లు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

జీపులో హైదరాబాదు తీసుకుపోయి ఒక ప్రైవేటు పిచ్చి దవాఖానలో పెట్టారు. దాని పేరు ఇక్కడ రాయను. చేర్చుకునేటప్పుడు, లేనివి ఉన్నట్టు కనబడుతున్నాయని, ప్రాణం తీసుకునే ఆలోచనలున్నాయని ఒక కాగితం రాశారు. బీరువాలో ఉన్నది అదే.

అక్కడ నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అన్నం పెట్టారు. కానీ కిటికీలోంచి ఒక గోడ తప్ప ఏమీ కనబడదు. బస్సు చప్పుడు లేదు. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతుంటే, తిరుగుతోంది కాబట్టి జబ్బేనని రాసుకున్నారు. కూర్చుంటే దిగులని రాసుకున్నారు. పిచ్చి లేదని రుజువు చేసుకోవడం ఎంత కష్టమో, పిచ్చిదని పేరు పడ్డాకే తెలుస్తుంది. మీకెవరికీ తెలియకూడదని కోరుకుంటున్నాను.

చంద్రకళ మిర్యాలగూడ బస్టాండులో నాకోసం ఎదురుచూసి, నేను రాకపోయేసరికి మత్తయ్య గారికి ఫోను చేసి సంగతి తెలుసుకుంది. డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లోనే హైదరాబాదుకి వచ్చింది. టిక్కెట్ల సంచిలో తన డబ్బా, వైరు. పెద్ద డాక్టరు గదిలోకి పోయి, "సార్, మా అక్క చెప్పిన తోడేలును సూపిస్త, సూస్తరా?" అన్నదట. నా సంచీలోంచి నా డబ్బా తెప్పించారు. ఇద్దరం బెంచీమీద కూర్చుని వైరు కలిపాం. తోడేలు నా తెరమీద మాయమై ఆమె తెరమీదికి వచ్చింది. డాక్టరు కుర్చీలోంచి లేచి మా వెనక నిలబడి చూశాడు. ఇందులో చచ్చిపోతే ఏమవుతుందని నన్ను అడిగాడు. "మళ్ల మొదటి గేటు కాడికెళ్లి పోవాలె సార్, చిరాకయితది" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వి, నాకు ఏ జబ్బూ లేదని రాసి పంపించాడు. ఆ రెండో కాగితం దీప్లా దగ్గర ఉంది. మా తమ్ముడు మొదటిది దాచుకుని రెండోది ఊసెత్తడు.

మతి విషయం ఇంతటితో సమాప్తం. ఇక ఆస్తులు.

2. స్థిరాస్తి.

నేను కాపురముంటున్న పెంకుటిల్లు, ముందు గది, వెనక వంటిల్లు, బోరింగుతో సహా, సోమయ్య పోయాక నాకొచ్చిన ఉద్యోగపు జీతంతో నేను కొన్న స్వార్జితం. ఇందులో పుట్టింటివారికి గాని మెట్టినింటివారికి గాని ఎటువంటి హక్కూ లేదు. ఈ ఇంటిని నా తదనంతరం పెరుమాళ్ల చంద్రకళకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఆమె కిరాయి ఇళ్లు మారి మారి విసిగిపోయింది. ఎందుకు ఆమెకే అని అడిగేవాళ్లు మొదటి షరతు మళ్లీ చదువుకోవాలి.

హైవే వెడల్పు చేసినప్పటినుంచి ఈ గల్లీ మీద అందరి కళ్లూ పడ్డాయి. పాపయ్య కన్ను అందరికంటే ముందు పడింది. ఒరే పాపయ్యా, బస్సులో నా చెయ్యి పట్టుకున్నప్పుడు నీ చెయ్యి చల్లగా ఉంది. నువ్వు నిజంగానే భయపడ్డావు, అక్క ఏమైపోతుందోనని. అది నాకు తెలుసు. మర్నాటికి నీకు భయం పోయి ఇల్లు గుర్తొచ్చింది. అదీ తెలుసు. నేను ఇంటికొచ్చాక, నీకు బాగాలేదు కదా, ఇల్లు నా పేర చేసేయమని వచ్చావు చూడు, ఆ రోజు నేను ఏడ్చినంత ఆ గదిలో కూడా ఏడవలేదు.

3. తమ్ముడు పాపయ్యకు.

చివ్వెంలలో నాన్న పంచిన నా వాటా చెలక భూమిని చాన్నాళ్ల కిందటే నీ పేరున రిజిస్టరు చేశాను. గొర్ల మందలో నాకు భాగం వద్దన్నాను. కనుక ఈ వీలునామా ద్వారా నీకు చెందేది ఏమీ లేదు. ఒక్క పని మాత్రం నీదే. నా పాడె ముందు నువ్వే నడవాలి. నీకు నడక నేర్పింది నేను. మంద వెంట పోతూ నిన్ను చంకలో మోసీ మోసీ, దింపి, వేలు పట్టుకుని నేర్పాను. కోపం ఇంట్లో పెట్టి రా. రాకపోతే నేనైతే తిట్టలేను కదా, ఊరే తిడుతుంది.

4. ప్రవళికకు.

బిడ్డా, గేమ్ డబ్బా, చార్జరు, లోపల ఉన్న ఆటతో సహా నీవి. ఇంట్లో ఎవరికీ అర్థం కానప్పుడు, దవాఖాన నుంచి వచ్చిన నా పక్కన కూర్చుని "సూపియ్యి అత్తా" అని అడిగింది నువ్వొక్కదానివే.

జాగ్రత్తలు: తెర వెలగగానే రెండు వరసలు కనబడతాయి. కింది వరస నొక్కాలి. పైది నొక్కితే ఆట మొదటికొస్తుంది, నేను నడిచిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. లోపల గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే మార్పించడానికి తొందరపడి గడియారాల మనిషి దగ్గరికి పోకు. ఇదివరకు కోదాడలో ఒకాయన మార్చి ఇచ్చాడు, మంచివాడే, కానీ నా మొదటి ఆట మొత్తం అక్కడే పోయింది. బస్సులో తిరిగొస్తూనే మళ్లీ మొదటి గేటు నుంచి మొదలుపెట్టాను నేను.

పత్తాల పేర్లు నేను పెట్టుకున్నవి. నల్లటి ముసుగు బొమ్మ గొంగడి, దెబ్బ తగలనీయదు. తెల్ల గిన్నె దవాఖాన. సంచి వేసుకున్న మీసాల మనిషి చెకింగ్ సారు, ఎదుటివాణ్ణి కాసేపు కదలకుండా ఆపేస్తాడు. పిడుగు పత్తాను ఆఖరికి ఉంచుకో. ఆఖరి గేటు నేను దాటలేదు. నువ్వు దాటినా దాటకపోయినా నాకు ఒకటే. ఊరికే ఆ పిల్లను అప్పుడప్పుడు నాలుగడుగులు నడిపించు. డబ్బాను బీరువాలో మాత్రం పెట్టొద్దు.

5. మరదలు అలివేలుకు.

ఏమీ లేదు. విన్న మాట నన్నొచ్చి అడగొచ్చు. ఒక్క గోడ అవతలే ఉన్నాను. అడగకుండా ఫోను కొట్టింది. పోనీ భయపడింది. తర్వాత నిజం తెలిశాక కూడా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చివ్వెంలలో ఇప్పటికీ నేను పిచ్చి దవాఖాన నుంచి వచ్చిన ఆండాలునే. బావి దగ్గర పిల్లలు నన్ను చూసి పక్కకు జరుగుతారు. ఆ కోపం నాకు పోలేదు. పోయిందని అబద్ధం రాయను.

6. కార్యనిర్వాహకుడు.

ఈ వీలునామాను అమలు చేయవలసినది ధరావత్ దీప్లా. దుబాయి పోయొచ్చినవాడు, పోలీసు స్టేషన్లోనైనా నవ్వుతూ మాట్లాడగలడు. అతనికి నా టీవీ, దాని బల్ల. ఎవరైనా కేసు వేస్తే రెండో కాగితం, డాక్టరమ్మ సర్టిఫికెట్ రెండూ చూపించాలి. అవసరమైతే చంద్రకళను పిలిపించి జడ్జి గారి ముందే వైరు కలిపి చూపించాలి.

7. సాక్షుల విషయం.

సాక్షిగా సంతకం చేసేవాళ్లకు వీలునామాలో ఏదీ రాయకపోవడం మంచిదని, లేకపోతే రేపు లొల్లి అవుతుందని వకీలు సారు అన్నారు. ఒక సాక్షి గుంటి మత్తయ్య గారు, కోదాడ వాస్తవ్యులు, నా తోటి ఉద్యోగి. ఆ రోజు మైకు వదిలేసి బస్సు దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "ఏమండీ, ఆవిణ్ణి వదలండి, ఆవిడకేం కాలేదండీ" అని అరిచింది ఆయనొక్కరే. ఎవరూ వినలేదు. ఆయనకు ఏదైనా ఇద్దామనుకున్నాను, సాక్షి అన్నారు కనుక మానుకున్నాను.

రెండో సాక్షి దొరకలేదు. గల్లీలో అడిగాను. ఒకాయనకు పాపయ్యతో బియ్యం వ్యాపారం. ఒకామె "మాకెందుకమ్మా కోర్టులు" అంది. ఇంకొకాయన నా ముఖం చూసి, మందులు వాడుతున్నారా అని అడిగాడు. ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టి, రెండో సాక్షి లేకుండానే ఆపరేషన్‌కి పోవాలేమోనని ఇల్లంతా తిరిగాను.

8. సంతకానికి ముందు చేర్చినది.

ఇవాళ పొద్దున మొదటి బస్సులో అలివేలు వచ్చింది. సాక్షి కోసం వెతుకుతున్నానని ప్రవళికకు ఫోనులో చెప్పాను, పిల్ల తల్లికి చెప్పిందట. ఇంట్లో చెప్పి రాలేదు. చెప్పులు గుమ్మం బయటే విప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా, "వదినె, నీ కాగితం మీద నేను ఏలు వెడ్త" అంది.

నేను నమ్మలేదు. ముందు వినమన్నాను. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఐదో షరతు చదివి కాగితం కింద పెట్టాను. కొట్టేయనా అని అడిగాను. "ఎందుకు కొట్టేస్తవ్? అన్ని నిజాలే గదా. ఉండనియ్యి" అంది. తర్వాత చెప్పింది. పిచ్చి దవాఖాన కాగితం మీద, నేను ఏమేం అన్నానో చెప్పినదానిగా ఆమె వేలిముద్ర ఉందట. నాకు ఈ రోజు దాకా తెలియదు. "గా కాగితం మీద నా ఏలున్నది వదినె. దీని మీద గూడ నా ఏలే ఉంటే, రేపు కోర్టుల మీ తమ్ముడు ఏది సూపిస్తడు?" అంది.

మా వకీలు సారుకు ఈ ఉపాయం తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఇంటికి పోయాక నీకు లొల్లి అవుతుంది అలివేలూ అన్నాను. "అయితే అయితది" అంది. ఆ మాట అని బొటనవేలు నా ముందుకు చాపింది. నాకు ఏడుపొచ్చింది. ఐదో షరతు ఆమె ఉండమన్నది కనుక ఉంచుతున్నాను. అందులోని కోపం మాత్రం ఈ పొద్దుతో చెల్లిపోయిందని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

సాక్షికి ఏదీ రాసివ్వకూడదు గనుక, ఈ సంతకం వల్ల అలివేలుకు తన ఇంట్లో చోటు లేకుండా పోతే ఈ ఇంటి ముందు గది ఎవరిది అన్న సంగతి నేను ఇక్కడ రాయడం లేదు. చంద్రకళకు ఫోనులో చెప్పాను. ఈసారి గోడ అవతల ఎవరు విన్నా ఫర్వాలేదని గట్టిగానే చెప్పాను. ఆమె "సరే అక్కా" అంది.

ఇంతకుముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. ఇదే మొదటిది, ఇదే చివరిది. చదివి, మళ్లీ చదివి, ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

సూర్యాపేట,
2012 అక్టోబరు 11, గురువారం.

(సంతకం) కడారి ఆండాలు

సాక్షులు:

1. (సంతకం) గుంటి మత్తయ్య, కోదాడ. ఆండాలు గారు నా ఎదుట పూర్తి స్పృహతో సంతకం చేశారు. రెండో సాక్షి చెప్పిన మాటలు, చెప్పినవి చెప్పినట్టుగా, నేనే రాశాను.

2. (ఎడమ బొటనవేలి ముద్ర) మేకల అలివేలు, పాపయ్య భార్య, చివ్వెంల. "మా వదినెకు సోయి ఉన్నది. నా ముంగటనే దస్కత్ వెట్టింది. లేదని ఎవలన్న అంటే, నన్ను పిలువుండ్రి."